మూడు పిలుపులు, ఒకే తలుపు

మా నాన్నగారి భాగపంపకాల దావా కోసం గోదావరి ఒడ్డున ఒక చిన్న ఊరి కోర్టుకు నాలుగేళ్లు తిరిగాను. పది గంటలకే వరండా నిండిపోయేది. వేపచెట్టు కింద కొందరు, టీ బడ్డీ దగ్గర కొందరు, ప్లీడరు గుమాస్తాల బల్లల చుట్టూ కొందరు. అంత గోలలోనూ హాలు గుమ్మంలో నిలబడి అటెండరు ఒక పేరు మూడుసార్లు పిలిస్తే ఆవరణంతా ఒక్క క్షణం చెవి ఒగ్గేది. జడ్జిగారి మాట హాలు గోడలు దాటి రాదు. పోలీసు విజిలు వేస్తే ఎవరూ తల తిప్పరు. అటెండరు గొంతు వింటే మాత్రం నమిలే తాంబూలం ఆపి మరీ వింటారు.

ఆ గొంతుకు పేర్లు పిలవడం ఒక్కటే పని కాదని నాకు చాలా ఆలస్యంగా తెలిసింది. మంటలు లేచినా, తుపాకి పేలినా, నేల కంపించినా ఆ భవనంలో జనాన్ని కదిలించగలిగేది అదే. ప్రమాద సమయంలో మనుషులు ఎలా ప్రవర్తిస్తారో పరిశీలించే శాస్త్రం ఒకటుంది. అది తేల్చిన మొదటి సంగతి, జనం మనం అనుకున్నట్టు వెర్రెత్తి పరుగెత్తరు. చాలాసార్లు అసలు కదలనే కదలరు. పక్కవాడి ముఖం చూస్తారు, ఎవరైనా ఏదైనా చెబుతారేమోనని ఎదురుచూస్తారు. ఇంగ్లండులోని న్యూకాజిల్ నగరంలో, ఒక భూగర్భ మెట్రో స్టేషనులో పరిశోధకులు దీన్ని పరీక్షించి 1991లో ఫలితాలు ప్రచురించారు. ఒట్టి గంట మోగించినప్పుడు ప్రయాణికులు నిమిషాల తరబడి ఉన్నచోటే ఉండిపోయారు. ఏం జరిగిందో, ఎటు వెళ్లాలో మైకులో సూటిగా చెప్పినప్పుడు ఒకటి రెండు నిమిషాల్లోనే కదిలారు.

అమెరికాలో కెంటకీ రాష్ట్రంలోని బెవర్లీ హిల్స్ సప్పర్ క్లబ్బులో 1977 మే 28 రాత్రి నిప్పంటుకుంది. ప్రదర్శన నడుస్తున్న హాల్లో జనం కిక్కిరిసి ఉన్నారు. బల్లల మీది ఎంగిలి పళ్లేలు తీసే పద్దెనిమిదేళ్ల కుర్రాడొకడు వేదిక ఎక్కి మైకు అందుకున్నాడు. తలుపులు ఎక్కడున్నాయో చేత్తో చూపించి, బయటికి వెళ్లండని చెప్పాడు. ఆ రాత్రి 165 మంది చనిపోయారు. ఆ కుర్రాడు నోరు విప్పకపోతే ఆ లెక్క ఎక్కడికి పోయేదో.

ఇప్పుడు మన కోర్టు హాలు తలుచుకోండి. ఎత్తు వేదిక మీద జడ్జిగారు. వారు లేవనిదే ప్లీడరు కదలడు, ప్లీడరు కదలనిదే కక్షిదారు కదలడు. మర్యాద అక్కడ ప్రాణమంత. పొగ వాసన తగిలినా ‘వాయిదా పిలిచేస్తారేమో, నేను లేకపోతే ఎలా’ అని కూర్చునే మనుషులు వాళ్లు. గైరుహాజరైతే వారంటు వస్తుందన్న భయం నిప్పు భయం కంటే వాళ్లకు బాగా తెలుసు. ఆ మంత్రకట్టును విప్పగలిగేది మామూలు సిబ్బంది. అంటే గుమ్మంలో ఉన్న అటెండరు, వేదిక కింద కూర్చున్న బెంచి క్లర్కు. కానీ భవనం నక్షా గీసినప్పుడు వాళ్లు ఎక్కడ కూర్చుంటారు, ఎటు నుంచి బయటపడతారు అన్న ప్రశ్న చివరికి వస్తుంది. ఒక్కోసారి అసలు రాదు కూడా.

కాస్త లెక్క చూద్దాం. మన దేశపు నేషనల్ బిల్డింగ్ కోడ్ కోర్టులను వ్యాపార భవనాల తరగతిలో చేర్చింది, ముఖ్యమైన పని కార్యాలయ వ్యవహారం, రికార్డుల నిర్వహణ అయినంతవరకు. ఆ తరగతిలో మనిషికి పది చదరపు మీటర్ల చొప్పున జనాన్ని అంచనా వేస్తారు. ముప్పై అడుగుల పొడవు, ఇరవై అడుగుల వెడల్పు ఉన్న కోర్టు హాలు సుమారు 56 చదరపు మీటర్లు. ఆఫీసు లెక్కన అందులో ఉండవలసింది ఆరుగురు. అదే హాలును సభామందిరంగా చూస్తే ఎనభై మందికి పైనే వస్తారు. వాయిదాల రోజు ఉదయం పదకొండు గంటలకు ఏ హాల్లోకైనా వెళ్లి తలలు లెక్కపెట్టండి. రెండో లెక్కే నిజమని తేలుతుంది. మెట్ల వెడల్పు, తలుపుల సంఖ్య ఆరుగురి కోసం గీసి, అరవై మందిని కూర్చోబెడితే మిగిలిన యాభై నాలుగు మంది కాగితం మీద లేనివాళ్లు.

తలుపు సంగతి ఇంకా విచిత్రం. మా కోర్టు హాలుకు నాలుగడుగుల రెండు రెక్కల తలుపు ఉండేది. నాలుగేళ్లలో అందులో రెండో రెక్క తెరిచి ఉండగా నేను చూడలేదు. పైన గడియ వేసి, దానికి ఆనించి ఒక బల్ల, బల్ల మీద ఫైళ్లు. సగం తలుపు మూస్తే జనం బయటపడే సమయం రెట్టింపు అవుతుందని ఎవరైనా అనుకుంటారు. కాదు, ఇంకా ఎక్కువే. ద్వారం అంచులకు ఒళ్లు రాసుకోకుండా మనుషులు రెండు వైపులా సుమారు పదిహేనేసి సెంటీమీటర్లు వదిలి నడుస్తారు. మిగిలిన వెడల్పులో, మీటరుకు సెకనుకు సుమారు 1.3 మంది కంటే ఎక్కువ దూరలేరు. నాలుగడుగుల తలుపులో పనికొచ్చే వెడల్పు దాదాపు 92 సెంటీమీటర్లు. అరవై మంది యాభై సెకన్లలో బయటపడొచ్చు. రెండడుగుల ఒంటి రెక్కలో పనికొచ్చేది 31 సెంటీమీటర్లే. అదే అరవై మందికి రెండున్నర నిమిషాలు పడుతుంది. మూడింతలు! అదీ అందరూ వరుసగా, తోసుకోకుండా నడిస్తే. తలుపు లోపలికి తెరుచుకునేదైతే వెనకవాళ్ల ఒత్తిడికి ముందువాళ్లు దాన్ని లాగి తెరవనేలేరు. నిష్క్రమణ తలుపులు బయటికే తెరుచుకోవాలని కోడ్ చెప్పేది అందుకే.

రెండున్నర నిమిషాలంటే తక్కువే కదా అనిపిస్తుంది. పొగను అడగాలి ఆ మాట. వేడి పొగ ముందు పైకప్పుకు చేరి, అక్కడ పొరగా పరుచుకుని, పొర మందమయ్యే కొద్దీ కిందికి దిగుతుంది. పాత కోర్టు భవనాల ఎత్తయిన కప్పులు, పైనున్న వెంటిలేటర్లు ఈ విషయంలో మనకు మేలు చేశాయి. పొగ తల మీదికి రావడానికి ముందు నిండవలసిన ఖాళీ పైన చాలా ఉండేది. ఏసీలు పెట్టడానికి ఫాల్స్ సీలింగు దింపి, వెంటిలేటర్లు మూసేసినప్పుడల్లా ఆ ఖాళీని చేతులారా పారేసుకున్నాం. చల్లదనం వద్దని కాదు, ఆ పని చేసేటప్పుడు పొగ పోయే దారి ఒకటి వేరే పెట్టాలి.

కోర్టు భవనాల రూపకల్పనలో బాగా పేరున్న సూత్రం ఒకటుంది. లోపల మూడు దారులు ఉండాలి. జనానికి ఒకటి, జడ్జీలకూ సిబ్బందికీ ఒకటి, జైలు నుంచి వచ్చే ముద్దాయిలకు ఒకటి. ఈ మూడూ కోర్టు హాల్లో తప్ప మరెక్కడా కలవకూడదు. అమెరికా ఫెడరల్ కోర్టుల కోసం 1991లో తొలిసారి వెలువడిన డిజైన్ గైడుకు ఇదే వెన్నెముక. మన జిల్లా కోర్టుల్లో ఎస్కార్టు పోలీసులు చేతికి గొలుసు వేసిన ముద్దాయిని నడిపించుకు వెళ్లేది, సాక్షి, ఫిర్యాదుదారు, చంటిపిల్లతో వచ్చిన తల్లి నిలబడ్డ వరండాలోంచే. ఆ ముద్దాయి కుటుంబం, అతని మీద పగబట్టిన కుటుంబం ఒకే గోడకు ఆనుకుని నిలబడతాయి. 2021 సెప్టెంబరు 24న ఢిల్లీ రోహిణి కోర్టు 207వ నంబరు హాల్లో జరిగింది చాలామందికి గుర్తుండే ఉంటుంది. లాయర్ల దుస్తుల్లో వచ్చిన ఇద్దరు వ్యక్తులు ఒక ముద్దాయిని కాల్చి చంపారు. పోలీసులు ఆ ఇద్దరినీ అక్కడే కాల్చేశారు. ఆ క్షణంలో జడ్జి వేదిక మీదున్నారు, సిబ్బంది తమ బల్లల దగ్గరే ఉన్నారు.

అయితే దారులు వేరు చేస్తే చాలదు. అట్లాంటాలోని ఫుల్టన్ కౌంటీ కోర్టులో 2005 మార్చి 11న విచారణకు తెచ్చిన ముద్దాయి, జైలు బట్టలు మార్చుకునే గదిలో ఒంటరిగా ఉన్న అధికారిణిని కొట్టి పడేసి తుపాకి సంపాదించాడు. రెండు భవనాలను కలిపే వంతెన దాటి జడ్జి చాంబర్ల వైపు వెళ్లాడు. అక్కడి సిబ్బందిని బెదిరించి, వేదిక వెనక తలుపులోంచి కోర్టు హాల్లోకి వచ్చాడు. జడ్జినీ, వాంగ్మూలాలు రాసుకునే కోర్టు రిపోర్టరునూ చంపాడు. అందరికంటే భద్రమనుకున్న దారే అతనికి దగ్గరి దారయింది. తొలి దాడి కెమెరాలో రికార్డయింది కానీ ఆ సమయంలో దాన్ని ఎవరూ గమనించలేదు. ఈ కథలో నన్ను కలచివేసేది కోర్టు రిపోర్టరు కుర్చీ. జడ్జికి చాంబరు ఉంది, లాయర్లకు, జనానికి గుమ్మం ఉంది. వేదికకూ జనానికీ మధ్య ఇరుకున కూర్చునే ఉద్యోగికి ఎటు చూసినా దూరమే. మన బెంచి క్లర్కు కూర్చునేదీ సరిగ్గా అక్కడే, చుట్టూ కట్టలతో. బల్ల కింద ఒక అలారం మీట, వెనక అడ్డులేని రెండడుగుల దారి. ఈ రెండింటికీ అయ్యే ఖర్చు వేదిక మీది చెక్కడపు కుర్చీ కంటే తక్కువే.

ప్రమాదం లోపలికి రాకముందే గేటు దగ్గర జరగడం మరో తీరు. 2011 సెప్టెంబరు 7 ఉదయం ఢిల్లీ హైకోర్టు రిసెప్షను దగ్గర పాసుల కోసం వరుసలో నిలబడ్డ జనం మధ్య బాంబు పేలింది. పది మందికి పైగా చనిపోయారు. భద్రత కోసం పెట్టిన తనిఖీయే అక్కడ గుంపును తయారు చేసింది. లోపలికి ఎవరు రావాలో వడపోసే ముందు, వడపోత దగ్గర ఎంతమంది, ఎంతసేపు, ఎక్కడ ఆగుతారన్నది ఆలోచించాలి. 2019లో విధి సెంటర్ ఫర్ లీగల్ పాలసీ 665 జిల్లా కోర్టు సముదాయాలను పరిశీలిస్తే, జనం వేచి ఉండటానికంటూ కేటాయించిన చోటు సగానికి కాస్త పైన వాటిలోనే కనిపించింది. కూర్చునే చోటు లేని జనం మెట్ల మీద కూర్చుంటారు. ప్రమాదం వస్తే దిగవలసింది ఆ మెట్ల మీదినుంచే.

2016 మన తెలుగు కోర్టులకు ఒక పాఠం చెప్పింది. ఆ ఏడాది ఏప్రిల్ 7న చిత్తూరు కోర్టు ఆవరణలో పేలుడు జరిగింది. జూన్ 15న కొల్లం, ఆగస్టు 1న మైసూరు, సెప్టెంబరు 12న నెల్లూరు, నవంబరు 1న మలప్పురం. అన్నీ కోర్టులున్న ఆవరణలే. కొల్లంలో బాంబు పెట్టింది వాడకుండా వదిలేసిన ప్రభుత్వ జీపు దగ్గర. మైసూరులో జనం వాడే మరుగుదొడ్డిలో. ఈ రెండు చోట్లా ఏ కోర్టు గదిలోనూ, ఎవరి బల్ల కిందా పెట్టలేదు. ఎవరిదీ కాని చోటు వెతుక్కున్నారు. కదలని జీపు, తాళం లేని దొడ్డి, విరిగిన కుర్చీలు పడేసే మూల, చెత్త పోగు. ఒక చోటును రోజూ ఒకరి కన్ను చూస్తుంటే అక్కడ కొత్త వస్తువు పెట్టడం కష్టం. ఏ మూల ఎవరి బాధ్యతో ఆవరణ పటం మీద పేర్లు రాసి ఉంచడం, జప్తు చేసి తెచ్చి తుప్పు పట్టిస్తున్న వాహనాలను తీయించడం పెద్ద సాంకేతికత ఏమీ కాదు. ఆవరణ ఊడ్చే మనిషికి అనుమానం వస్తే ఎవరికి చెప్పాలో తెలిసి ఉండాలి. ఆ మనిషి చెప్పిన మాటను వినాలి కూడా.

ఇక కోర్టులో ఎవరూ ఎక్కువగా మాట్లాడని గది ప్రాపర్టీ రూము. కేసుల్లో పట్టుబడ్డ వస్తువులన్నీ సాక్ష్యాలుగా చేరే చోటు అది. కత్తులు, నాటు తుపాకులు, సారా డబ్బాలు, గంజాయి మూటలు, పేరు తెలియని పొడులు. 2022 జులై 1న పాట్నా సివిల్ కోర్టులో ఒక పోలీసు అధికారి సాక్ష్యంగా తెచ్చిన పేలుడు పదార్థం అక్కడే పేలింది, తెచ్చినవారికే గాయాలయ్యాయి. పాత సారా డబ్బా లోంచి ఆవిరయ్యే ఆల్కహాలు, దాని పక్కనే కాగితపు కట్టలు, పైన బల్బు వేలాడే అతుకుల వైరు. నిప్పుకు కావలసినవన్నీ ఆ చిన్న గదిలో ప్రభుత్వమే సమకూర్చి పెడుతోంది. దీనికి మందు చట్టంలోనే ఉంది. 2024 జులై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ నాగరిక సురక్షా సంహిత 497వ సెక్షను ప్రకారం, కోర్టు ముందు పెట్టిన వస్తువుకు పద్నాలుగు రోజుల్లో వివరణ పట్టిక రాసి, ఫోటో, వీడియో తీయించాలి. ఆ తర్వాత ముప్పై రోజుల్లో దాన్ని ఏం చేయాలో కోర్టు ఉత్తర్వివ్వాలి. ఈ సెక్షనును న్యాయవాదులు విచారణ వేగం కోసం చదువుతారు. ప్రాపర్టీ క్లర్కు మాత్రం తన ప్రాణరక్షణ కోసం చదువుకోవచ్చు.

రికార్డు రూము దగ్గరికి వస్తే నేను కాస్త ఆగి మాట్లాడాలి. కట్ట కట్టిన కాగితం గురించి మనకున్న అవగాహన తప్పు. విడి కాగితం గుప్పున మండుతుంది. గట్టిగా కట్టిన ఫైలులో గాలి ఉండదు కనుక అంచులు మాడతాయి, నడిమి భాగం చాలాసేపు నిలుస్తుంది. కానీ లోపల కణకణమంటూ రాజుకునే నిప్పు ఆరడానికి రోజులు పడుతుంది. అమెరికాలో సెయింట్ లూయీ నగరంలో సైనికోద్యోగుల రికార్డులు దాచిన కేంద్రంలో 1973 జులై 12న ఆరో అంతస్తులో నిప్పు పుట్టింది. మైదానమంత విశాలమైన అంతస్తు, మధ్యలో అడ్డుగోడలు లేవు, నీళ్లు చిమ్మే స్ప్రింక్లర్లు లేవు. పూర్తిగా ఆర్పడానికి నాలుగు రోజులకు పైగా పట్టింది. 1.6 నుంచి 1.8 కోట్ల మంది సైనికుల ఫైళ్లు పోయాయి. వాటికి నకళ్లు లేవు.

మిగిలినవాటికి ముప్పు నిప్పు కాదు, నీళ్లు. ఆర్పడానికి కొట్టిన నీటిలో నానిన కాగితానికి, వేసవి ఉక్కలో, రెండు రోజుల్లో బూజు పడుతుంది. ఎండలో పరిస్తే పుటలు అతుక్కుపోతాయి, సిరా పాకుతుంది. అక్కడి ఉద్యోగులు తడిసిన ఫైళ్లను ఒక విమాన కర్మాగారంలోని భారీ శూన్యగదిలో పెట్టి ఆరబెట్టించారు. దీనికి దగ్గరైన మరో పద్ధతి మన వంటింటి ఫ్రిజ్‌లో కూడా కనిపిస్తుంది. చాలాకాలం ఉంచిన ఐసు ముక్క కరగకుండానే చిక్కిపోతుంది చూడండి, అలాగన్నమాట. తడి కాగితాన్ని ముందు గడ్డకట్టిస్తే బూజు ఆగిపోతుంది. గాలి పీడనాన్ని బాగా తగ్గిస్తే మంచు నీరు కాకుండానే నేరుగా ఆవిరైపోతుంది. నీరే కాలేదు కనుక సిరా పాకదు, పుట అతుక్కోదు. అందుచేత రికార్డు అసిస్టెంటుకు చెప్పి ఉంచవలసిన మొదటి మాట ఇది: తడిసిన కట్టలు విప్పొద్దు, ఆరేయొద్దు, ఆ పూటే దగ్గరలో గడ్డకట్టించే వీలున్న కోల్డ్ స్టోరేజీకి పంపండి.  అలాంటి ఒకదానితో ముందే మాట్లాడి పెట్టుకున్న కోర్టు ఒక్కటైనా ఉంటే నాకు సంతోషం.

హైదరాబాదులో మూసీ ఒడ్డున ఉన్న హైకోర్టు పాత భవనానికి 2009 ఆగస్టు 31న నిప్పంటుకుంది. గ్రంథాలయంలో ఏళ్ల తరబడి కూడబెట్టిన పుస్తకాలు, ఎన్నో రికార్డులు, గోడల మీది పాత చిత్తరువులు పోయాయి. రెండు రోజులకే, సెప్టెంబరు 2న, ముఖ్యమంత్రి హెలికాప్టరు ప్రమాదంలో మరణించడంతో రాష్ట్రమంతా ఆ దుఃఖంలో మునిగి, హైకోర్టు మంటలు జనం జ్ఞాపకంలోంచి జారిపోయాయి. 1908 సెప్టెంబరు 28 వరదలో వేలమందిని మింగిన నది ఒడ్డునే ఆ భవనం లేచింది. నీళ్ల భయం తెలిసినవాళ్లు కట్టిన చోట నష్టం చివరికి నిప్పు వల్ల జరిగింది.

నకలు ఉన్నచోట నష్టానికి హద్దు ఉంటుంది. ఇ-కోర్టుల మూడో దశకు 2023లో మంజూరైన 7,210 కోట్లలో రికార్డుల స్కానింగుకు రెండు వేల కోట్లకు పైనే కేటాయించారు. స్కాన్ చేసిన ప్రతి అదే భవనంలోని సర్వరులో ఉంటే మాత్రం నకలు ఉన్నట్టు కాదు. 2005 కత్రినా తుపానులో న్యూ ఆర్లియన్స్ క్రిమినల్ కోర్టు నేలమాళిగలో దాచిన సాక్ష్యాలు మురికి నీళ్లలో మునిగాయి. ఫెడరల్ అప్పీలు కోర్టు హ్యూస్టన్ నగరానికి తరలింది. తన ప్రాంతం బయట కూడా కోర్టు కొలువు తీరవచ్చని అమెరికా పార్లమెంటు ఆ సెప్టెంబరులోనే చట్టం చేయవలసి వచ్చింది. మనవాళ్లకు తరలింపు కొత్త కాదు. మన ఉమ్మడి హైకోర్టును విడదీస్తూ 2018 డిసెంబరు 26న ఉత్తర్వు వచ్చింది, 2019 జనవరి 1 నుంచి రెండు హైకోర్టులు వేరుగా పనిచేశాయి. ఆ వారం రోజుల్లో కట్టలు విడదీసి, ఇళ్లు సర్దుకుని బయల్దేరిన ఉద్యోగులకు తెలిసింది ఏ పుస్తకంలోనూ లేదు. ఏ ఫైలు ముందు కదలాలి, ఏది ఆగవచ్చు, ఎవరి దగ్గర ఏ తాళం ఉండాలి అన్నది వాళ్లను కూర్చోబెట్టి రాయించవలసిన విషయం.

ఇదంతా చదివాక, తీర్పు నకలు తెచ్చుకోవడానికి పోయిన నెల మళ్లీ ఆ చిన్న కోర్టుకు వెళ్లాను. జేబులో కొలతల టేపు పెట్టుకున్నాను. భోజన విరామంలో హాలు ఖాళీగా ఉంది. అటెండరు టేపు ఒక కొస పట్టుకున్నాడు. తెరిచి ఉన్న రెక్క సరిగ్గా రెండడుగులు. యాభై సెకన్ల లెక్క, రెండున్నర నిమిషాల లెక్క చెబితే ఆయన మాట్లాడకుండా ఫైళ్లు తీసి కిటికీలో పెట్టాడు. ఇద్దరం కలిసి బల్ల జరిపాం. గడియ తుప్పుపట్టి బిగిసిపోయి ఉంది. ఆయన వెళ్లి ఎక్కడినుంచో కొబ్బరినూనె సీసా తెచ్చి పోశాడు, కాసేపు ఆగి రాయితో కొట్టాడు. మూడో దెబ్బకు గడియ కిందికి జారింది.